రూపాయి బిళ్ళ మీద విచారణ

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎడ్లపాడు దగ్గర ఆగి, టీ తాగి నోటిస్తే తిరిగొచ్చే చిల్లరలో రూపాయి బిళ్ళలు ఒక్క తీరుగా ఉండవు. 2011లో మొదలైన నమూనావి చిన్నవి. వెడల్పు 22 మిల్లీమీటర్లు, బరువు 3.79 గ్రాములు. అంతకు కాస్త ముందువి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. సంవత్సరం అంకె కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో పుట్టింది. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ గుర్తుంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. కొన్ని అరిగి ఉంటాయి, కొన్నిటి అంచు నొక్కుకుపోయి ఉంటుంది. అయినా క్రికెట్ ఆటలో మొదటి బ్యాటింగ్ ఎవరిదో తేల్చడానికి పిల్లలు ఏ బిళ్ళ దొరికితే అది తీసుకుని గాల్లోకి ఎగరేస్తారు. బొమ్మా, బొరుసా అని ఒకడు అడుగుతాడు, ఇంకొకడు అరుస్తాడు. ఆ బిళ్ళ నిజంగా ఇద్దరినీ ఒకేలా చూస్తుందా అని అడిగినవాడు లేడు.

నాణేల మీద మనవాళ్ళకు అనుమానాలు లేక కాదు. పది రూపాయల బిళ్ళ చెల్లదన్న పుకారు తెలుగునాట ఎన్నేళ్ళు తిరిగిందో అందరికీ తెలుసు. 14 నమూనాల్లో ఏదైనా చెల్లుతుందని 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ప్రకటించాక కూడా బస్సులో కండక్టరుతో గొడవలు ఆగలేదు. కాకపోతే ఆ అనుమానం నాణెం విలువ మీద. నడవడి మీద అనుమానం ఎవరికీ రాలేదు. ఈ అధ్యాయంలో దాన్నే విచారిద్దాం. కావలసిన సరంజామా ఒక బిళ్ళ, ఒక నోటు పుస్తకం, వర్గమూలం తీయడం వచ్చిన మనిషి, అంతే.

ముందు మాట ఖాయం చేసుకుందాం. సింహాలున్న వైపు బొమ్మ, అంకె ఉన్న వైపు బొరుసు. ఒక్కసారి ఎగరేస్తే ఏమీ తెలియదు. పదిసార్లు ఎగరేస్తే ఏడు బొమ్మలొచ్చాయనుకోండి, చాలామంది కనుబొమలు ముడిపడతాయి. కానీ ఏ దోషమూ లేని నాణెంతో పదేసి సార్ల ఆట మళ్ళీ మళ్ళీ ఆడితే, మూడు ఆటల్లో ఒకదాంట్లో ఏదో ఒక వైపు ఏడుగానీ అంతకు మించిగానీ వస్తుంది. కాబట్టి పదిసార్లతో తీర్పు చెప్పేవాళ్ళని నమ్మొద్దు.

వందసార్లు ఎగరేద్దాం. సగటున 50 బొమ్మలు రావాలి. సరిగ్గా 50 వచ్చే అవకాశం మాత్రం వందకు 8 పాళ్ళే. అంటే 50 రాకపోవడమే మామూలు. ఎంత దూరం పోతే మామూలు, ఎక్కడ మొదలవుతుంది అనుమానం? సాంఖ్యక శాస్త్రంలో సగం ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే.

జవాబు విచిత్రంగా సులువు. ఒక్కో ఎగురవేతలో వచ్చేది 1 గానీ 0 గానీ, ఎదురుచూసేది అర. కాబట్టి ప్రతిసారీ తేడా అర. దాని వర్గం పావు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎగురవేతల్లో ఈ వర్గాలు కూడికలో చేరతాయి: వంద పావులు 25. దాని వర్గమూలం 5. దీన్నే ప్రామాణిక విచలనం అంటారు. ఎన్నిసార్లు ఎగరేశామో దాని వర్గమూలం తీసి సగం చేస్తే చాలు. 400 సార్లకు 10, పదివేల సార్లకు 50. ఎగురవేతలు వంద రెట్లు పెరిగితే విచలనం పది రెట్లే పెరుగుతుందన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి. దీనివల్లే ఎక్కువసార్లు ఎగరేసినకొద్దీ శాతం సగానికి దగ్గరవుతుంది. బొమ్మల సంఖ్యకూ బొరుసుల సంఖ్యకూ మధ్య తేడా మాత్రం తగ్గకపోగా మెల్లగా పెరుగుతుంటుంది. ఐదు బొమ్మలు వరుసగా వచ్చాక ఇక బొరుసు బాకీ ఉందని పందెం పెంచేవాళ్ళు సరిగ్గా ఇక్కడే మునుగుతారు. నాణేనికి జ్ఞాపకం ఉండదు, బాకీ తీర్చే అలవాటూ ఉండదు.

సగటుకు అటూ ఇటూ రెండు విచలనాల లోపల పడితే మామూలు, దాటితే అనుమానం అన్నది వాడుకలో స్థిరపడ్డ గీత. వందసార్లలో 40 నుంచి 60 దాకా మామూలు కిందే లెక్క. 60 దగ్గర గీత మీదే ఉన్నట్టు. నిఖార్సైన నాణెం కూడా 60కి పైగా గానీ 40కి లోపుగానీ (ఆ రెండంకెలూ కలుపుకుని) వందకు దాదాపు 6 ఆటల్లో చూపిస్తుంది. ఆ గీతలో పవిత్రత ఏమీ లేదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట గీయాలి కాబట్టి గీశారు.

ఈ పరీక్ష వెనక ఒక తెలుగువాడి పేరు ఉందని పాఠ్యపుస్తకాలు ఎందుకో చెప్పవు. కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచం సి.ఆర్. రావు అంటుంది. 1920 సెప్టెంబరు 10న ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో సాంఖ్యకం పూర్తిచేసి, రొనాల్డ్ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో 1948లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆ ఏడాదే ఆయన ప్రచురించిన పత్రంలో ఒక పరీక్షా పద్ధతి ఉంది. ఇవాళ దాన్ని రావు స్కోర్ టెస్ట్ అంటారు. పెద్ద పెద్ద సమస్యల కోసం కట్టిన యంత్రం అది. కానీ దాన్ని నాణెం మీద ప్రయోగిస్తే మనం పైన వేసుకున్న లెక్కే అచ్చంగా బయటికొస్తుంది.

ఆ పద్ధతి కిటుకు న్యాయస్థానంలో అందరికీ తెలిసిన సూత్రమే. ముద్దాయిని ముందు నిర్దోషిగా ఒప్పుకోవాలి. నాణెం నిఖార్సైనదే అయితే ఎంత విచలనం ఉండాలో, ఆ నిఖార్సైన నాణెం లెక్కతోనే కొలవాలి. రావు కంటే ఐదేళ్ళ ముందు ఏబ్రహాం వాల్డ్ ఇంకో దారి చూపించాడు. అందులో విచలనాన్ని చేతికొచ్చిన ఫలితం నుంచే లెక్కగడతారు. వందసార్లకు 60 బొమ్మలొస్తే రెండు దారుల్లో తేడా పెద్దగా లేదు. రావు లెక్కలో 2 విచలనాలు, వాల్డ్ లెక్కలో 2.04. కానీ పదిసార్లకు పదీ బొమ్మలే వచ్చాయనుకోండి. వాల్డ్ దారిలో ఫలితాన్ని బట్టి చూస్తే ఈ నాణేనికి బొరుసే లేదు, ఊగిసలాటే లేదు, విచలనం సున్నా. సున్నాతో భాగించబోయి లెక్క అక్కడే కూలబడుతుంది. రావు దారిలో విచలనం 1.58, తేడా 5. అంటే మూడు విచలనాల పైన. గట్టి అనుమానమే, కానీ అంకె చేతిలో ఉంది. వాల్డ్‌ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఇరవయ్యో శతాబ్దపు మహా మేధావుల్లో ఆయనొకడు. ఉపన్యాసాలివ్వడానికి మన దేశానికి వచ్చి, 1950 డిసెంబరులో నీలగిరి కొండల్లో విమానం కూలి చనిపోయాడు. రావు మాత్రం 102 ఏళ్ళు బతికి, 2023లో సాంఖ్యక శాస్త్రపు అంతర్జాతీయ పురస్కారం అందుకుని, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన కై-వర్గ పరీక్ష తెలిసినవారు దాన్నీ వాడి చూసుకోవచ్చు. 60, 40లను 50, 50తో పోల్చితే వచ్చేది 4. మన 2కి వర్గం.

ఇక ఊళ్ళో నిజంగా పరీక్ష పెడదాం. నలభై మంది పిల్లలున్న తరగతి గదిలో తలా ఒక రూపాయి బిళ్ళ ఇచ్చి వందేసి సార్లు ఎగరేయమంటే అరగంట పని. నాణేలన్నీ నిఖార్సైనవే అయినా ఇద్దరు ముగ్గురు పిల్లల చేతిలో గీతను తాకిన లేదా దాటిన అంకెలు తేలతాయి. పట్టుకున్నాం దొంగ బిళ్ళని అని అరుపులు లేస్తాయి. అరవాల్సిన పని లేదు. వందకు ఆరు చొప్పున నలభైకి రెండుకు పైగా రావాలి, వచ్చాయి. ఆ రెండు బిళ్ళల్నీ మళ్ళీ విడిగా 400 సార్లు ఎగరేస్తే చాలామటుకు దారికొస్తాయి. నలభై చోట్ల వెతికి ఒకచోట దొరికిన వింతను మాత్రమే చూపించేవాళ్ళు బడి పిల్లల్లోనే కాదు, పెద్ద పరిశోధకుల్లోనూ ఉన్నారు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఎన్నిసార్లు ఎగరేస్తామో ముందే రాసిపెట్టుకోవాలి. తేడా కనబడేదాకా ఎగరేసి, కనబడగానే ఆపేస్తే ఎంతటి సత్యవంతమైన నాణెమైనా ఏదో ఒక రోజు రెండు విచలనాల గీత దాటి దొరికిపోతుంది. ఓపిక ఉంటే తప్పదు, గణితం అలా చెబుతోంది.

ఓపికంటే గుర్తొచ్చేవాళ్ళు కొందరున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో బఫన్ 4,040 సార్లలో 2,048 బొమ్మలు లెక్కపెట్టాడు. పియర్సన్ 24,000 సార్లలో 12,012. దక్షిణాఫ్రికా గణితజ్ఞుడు జాన్ కెరిక్ 1940లో డెన్మార్కులో ఉండగా జర్మన్ సైన్యం దిగింది. నిర్బంధ శిబిరంలో కాలక్షేపానికి ఒక నాణేన్ని పదివేల సార్లు ఎగరేస్తే 5,067 బొమ్మలొచ్చాయి. పదివేలకు విచలనం 50, తేడా 67. మామూలే. ముగ్గురి నాణేలూ పరీక్ష నెగ్గాయి.

నెగ్గాయంటే నిఖార్సైనవని రుజువైందా? కాలేదు. బొమ్మ 51 పాళ్ళు, బొరుసు 49 పాళ్ళు పడే నాణేన్ని వందసార్లు ఎగరేస్తే దాని వంకర దాదాపు ఎప్పుడూ బయటపడదు. విచలనం 5 ఉన్నచోట తేడా 1 కనబడేదెక్కడ? ఆ ఒక్క పాలు వంకరను ఐదింట నాలుగుసార్లు పట్టుకోవాలంటే సుమారు 19,600 సార్లు ఎగరేయాలి. ఐదు సెకన్లకొకటి చొప్పున తెరిపి లేకుండా ఎగరేసినా 27 గంటలు. కాబట్టి నాణెం మంచిదా చెడ్డదా అని అడగడమే పొరపాటు. ఎంతకు మించి వంకర లేదని చెప్పగలం అని అడగాలి. వందసార్లలో 50 బొమ్మలొస్తే, అసలు పాళ్ళు 40కీ 60కీ మధ్య ఎక్కడో ఉన్నాయని మాత్రమే చెప్పగలం. బ్యాటింగ్ ఎవరిదో తేల్చడానికి అది చాలు. లక్షల పందేలకు చాలదు.

ఇంత లెక్క చెప్పాక ఒక నిజం ఒప్పుకోవాలి. గాల్లోకి గిరగిరా ఎగరేసి అరచేతిలో పట్టుకున్నంతవరకూ, బిళ్ళలో వంకర చేయడం దాదాపు అసాధ్యం. ఆండ్రూ గెల్మన్, డెబొరా నోలన్ అనే ఇద్దరు అమెరికన్ సాంఖ్యక శాస్త్రజ్ఞులు 2002లో ఇదే వాదించారు. కారణం బడి భౌతికశాస్త్రమే. గాల్లో ఉన్న బిళ్ళ తన గురుత్వ కేంద్రం చుట్టూ తిరుగుతుంది. ఆ తిరిగే వేగాన్ని మార్చే శక్తి గాల్లో దాదాపు లేదు. ఒక పక్క బరువెక్కువైతే ఆ కేంద్రం కాస్త జరుగుతుంది, అంతే. తిరిగే కాలంలో సగం బొమ్మ పైకి, సగం బొరుసు పైకి ఉండడం మారదు. అరిగిన బిళ్ళ అయినా, అంచు నొక్కుకుపోయినదైనా, మాచర్ల దగ్గర నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల సీసపు నాణెమైనా చేతిలో పట్టుకుంటే ఒకటే.

పట్టుకోకుండా బల్ల మీద పడనిస్తే కథ వేరు. బొంగరంలా బల్ల మీద తిప్పితే మరీ వేరు. అప్పుడు అంచు ఆకారం, బరువు పంపకం రంగంలోకి దిగుతాయి. 2002లో యూరో నాణేలు కొత్తగా వచ్చినప్పుడు పోలెండు గణితజ్ఞులు బెల్జియం ఒక యూరో బిళ్ళను బల్ల మీద 250 సార్లు తిప్పితే 140 సార్లు రాజుగారి తల పైకి వచ్చింది. యూరప్ పత్రికలు గగ్గోలు పెట్టాయి. మనం లెక్కేద్దాం. 250 వర్గమూలం 15.8, సగం 7.9. తేడా 15. రెండు విచలనాలకు కాస్త లోపలే. నిఖార్సైన నాణెం కూడా వందకు దాదాపు 7 సార్లు ఇంత తేడా చూపిస్తుంది. అనుమానించదగ్గదే, ఉరితీయదగ్గది కాదు. పైగా తిప్పడానికీ ఎగరేయడానికీ సంబంధం లేదన్న సంగతి చాలా వార్తల్లో పోనేపోయింది.

గాల్లో ఎగరేసినప్పుడు మిగిలే చిన్న వంకర నాణేనిది కాదు, చేతిది. ఐంద్రజాలికుడిగా మొదలుపెట్టి గణితజ్ఞుడైన పెర్సీ డయకోనిస్, ఇద్దరు సహచరులతో కలిసి 2007లో ఒక సంగతి చూపించాడు. మనిషి ఎగరేసిన బిళ్ళ పూర్తిగా పల్టీలు కొట్టదు, కాస్త తూలుతూ తిరుగుతుంది. అందువల్ల ఎగరేసేముందు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పడే అవకాశం 51 పాళ్ళ దగ్గర ఉండాలని ఆ సిద్ధాంతం. పైన చెప్పిన వేల ఎగురవేతల బాధ తెలిసినవాళ్ళెవరూ దాన్ని చాన్నాళ్ళు తేల్చలేదు. చివరికి 48 మంది కూర్చుని, 46 రకాల నాణేలతో 3,50,757 సార్లు ఎగరేశారు. 2023లో ఫలితం వచ్చింది. ముందు పైకి ఉన్న వైపే పడింది 50.8 శాతం. అన్ని లక్షలకు ఆ కొద్దిపాటి తేడాయే తొమ్మిది విచలనాలు. బొమ్మ, బొరుసుల మధ్య మాత్రం ఏ పక్షపాతమూ కనబడలేదు. మరుసటి ఏడు వాళ్ళకు ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనికి ఇస్తారు. నాకైతే ఇందులో నవ్వే భాగం పెద్దగా కనబడలేదు. ఊళ్ళో ఆటకు ఇందులోంచి తీసుకోవాల్సింది చిన్నదే. బిళ్ళను ఎగరేసేవాడు ఏ వైపు పైకి పెట్టాడో అవతలివాడికి కనబడకముందే బొమ్మో బొరుసో చెప్పించాలి.

నిజమైన వంకర చూడాలంటే నాణేల కంటే గవ్వలు మేలు. అష్టాచెమ్మా ఆడని తెలుగిల్లు ఒకప్పుడు తక్కువ. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. గవ్వ వీపు ఉబ్బుగా, కడుపు చదునుగా ఉంటుంది. కింద పడి దొర్లి ఆగే వస్తువు కాబట్టి దాని ఆకారానిదే పెత్తనం. ఒక గవ్వ వెల్లకిలా పడే పాళ్ళు వందకు 60 అనుకుందాం. అప్పుడు చెమ్మ ఎనిమిది ఆటలకు ఒకసారి వస్తుంది, అష్ట 39 ఆటలకు ఒకసారి. గవ్వ నిఖార్సైనదైతే రెండూ 16 ఆటలకు ఒకసారి రావాలి. ఒక్కో గవ్వలో కొద్దిపాటి వంకర నాలుగు కలిసేసరికి ఐదు రెట్ల తేడా అయింది. గవ్వలు లేనప్పుడు చింతపిక్కలు ఒక వైపు అరగదీసి ఆడేవాళ్ళు. ఒక్కో ఇంటి పిక్కల పాళ్ళు ఒక్కో రకంగా ఉండేవి. మా పిక్కలతోనే ఆడాలని పట్టుబట్టే పెద్దమ్మలకు ఈ లెక్క చేతులకు తెలిసినట్టే ఉండేది.

వంకర గవ్వతో వంకర లేని టాస్ వేయొచ్చు కూడా. 1951లో జాన్ వాన్ నాయ్‌మన్ చెప్పిన ఉపాయమిది. ఒకే గవ్వను రెండుసార్లు వేయాలి. ముందు వెల్లకిలా, తర్వాత బోర్లా పడితే నీ వంతు. ముందు బోర్లా, తర్వాత వెల్లకిలా అయితే నా వంతు. రెండుసార్లూ ఒకేలా పడితే లెక్కలోకి తీసుకోకుండా మళ్ళీ రెండుసార్లు. 60 పాళ్ళ గవ్వకు మొదటిది 0.6 గుణించు 0.4, రెండోది 0.4 గుణించు 0.6. రెండూ 0.24. గవ్వ ఎంత వంకరదో తెలియకపోయినా లెక్క చెడదు.

ఎడ్లపాడు చుట్టుపక్కల మిరప, పత్తి వేసేవాళ్ళకు ఈ లెక్క ఆటతో ఆగిపోదు. ప్రతి విత్తనమూ ఒక బిళ్ళే. మొలిస్తే బొమ్మ, మొలవకపోతే బొరుసు. మిరప విత్తనానికి ప్రమాణాల ప్రకారం కనీస మొలక శాతం 60. విత్తన పరీక్షా కేంద్రాల్లో మొలక చూడడానికి వందేసి చొప్పున 400 గింజలు పెడతారు. అన్ని ఎందుకంటే కారణం మనకిప్పుడు తెలుసు. పాళ్ళు సగం కానప్పుడు పావుకు బదులు 0.6 గుణించు 0.4, అంటే 0.24 వాడాలి. 400 గింజలకు 96, వర్గమూలం 9.8. సగటు 240, మామూలు హద్దులు 220 నుంచి 260.

ఇంట్లో తడి గోనెపట్టాలో ఇరవై గింజలు చుట్టి చూసి, పదే మొలిచాయి, ఇది నకిలీ విత్తనం అని కొట్టు మీదికి వెళ్ళేవాళ్ళున్నారు. ఇరవైకి విచలనం 2.2. రావలసినవి 12, వచ్చినవి 10. ఒక విచలనం కూడా తేడా లేదు. ఆ ప్యాకెట్ మంచిదని దానర్థం కాదు. ఇరవై గింజలతో చెప్పలేమని అర్థం. వంద గింజలు పెట్టి యాభై మొలిస్తే తేడా రెండు విచలనాలు, గీత మీద ఉన్నట్టు. 400 పెట్టి 200 మొలిస్తే నాలుగు విచలనాలు, ఇక వాదన అక్కర్లేదు. పది గ్రాముల ప్యాకెట్లో ఆ 400 గింజలు దాదాపు ఐదో వంతు. ఖరీదైన పరీక్షే. అందుకే ఒకే లాట్ నంబరు కొన్న నలుగురు రైతులు తలా వంద గింజలు వేసుకుని, ఎన్ని మొలిచాయో నాలుగూ కలిపి లెక్క చూసుకుంటే భారం పంచుకున్నట్టవుతుంది. ఎన్ని గింజలు పెట్టేదీ, ఎన్నో రోజున లెక్కించేదీ ముందే రాసుకోవాలి. బిల్లునూ లాట్ నంబరున్న ఖాళీ ప్యాకెట్‌నూ పారేయకూడదు.